ముప్పావు అంగుళం

ముందే చెప్పేస్తున్నాను, ఇది కుట్టుపని గురించి. ప్యాటర్న్ అనగానే సింగిల్టన్, ఫ్యాక్టరీ అనుకుని వచ్చినవాళ్ళు ఇక్కడే వెనక్కి తిరగొచ్చు. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు :)

పోయిన వేసవిలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక ఎస్టేట్ సేల్ జరిగింది. తెలియనివాళ్ళ కోసం: ఇక్కడ న్యూజెర్సీలో పెద్దవాళ్ళు పోయాకో, వృద్ధాశ్రమానికి మారాకో, సామానుకి ధరల చీటీలు అంటించి ఇల్లు బార్లా తెరిచి అమ్మేస్తారు. జనం పడగ్గదిలోకి కూడా వెళ్ళి బీరువాలు తెరిచి చూసుకుంటారు. నాకది ఎప్పుడూ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అయినా వెళ్తాను. ఆ రోజు వెళ్ళింది పుస్తకాల అలమర కోసం, తిరిగొచ్చింది ఒక బిస్కెట్ల డబ్బాతో. అందులో గుండీలు, ఒక టేపు, ఇనప పళ్ళున్న రెండు జిప్పులు, అన్నిటికీ అడుగున ఒక కాగితం కవరు. కవరు మీద సన్నటి నడుము, వెడల్పాటి భుజాలతో ఇద్దరు ఆడవాళ్ళ బొమ్మలు. 1940ల నాటి డ్రెస్ ప్యాటర్న్. డబ్బాతో సహా నాలుగు డాలర్లు.

మా అమ్మ తెనాలిలో ముప్పయ్యేళ్ళు జాకెట్లు కుట్టింది. నాన్న జీతంతో ఇల్లు నడిచింది, అమ్మ ఉషా మిషనుతో మా చదువులు నడిచాయి. కానీ నాకు మాత్రం సూదిలో దారం ఎక్కించడం కూడా నేర్పలేదు. మిషను దగ్గరకొస్తే "పోయి చదువుకో, ఇది నాతో పోనీ" అనేది. నేనూ ఏమంత బతిమాలలేదు లెండి. స్కూల్లో మా అమ్మ ఏం చేస్తుందని అడిగితే "హౌస్‌వైఫ్" అని చెప్పేదాన్ని. ఆ సంగతి అమ్మకి తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు. చివరాఖరికి 2020లో అందరూ ఇళ్ళలో కూర్చుని రొట్టెలు కాల్చుకుంటుంటే, నేను ఒక మిషను కొనుక్కుని యూట్యూబు చూసి కుట్టడం మొదలుపెట్టాను. మొదట దిండు గలీబులు, తర్వాత మాస్కులు, తర్వాత సంచులు. సంచికి ఎన్ని వంకరలున్నా అడిగేవాడు లేడు. మనిషికి పట్టేలా కుట్టడం వేరే విద్య.

సరే, కవరు విప్పాను. ఇప్పటి ప్యాటర్న్‌ల మీద గీతలు, బాణాలు, ఎక్కడ మడవాలో, ఎక్కడ కత్తిరించాలో అన్నీ అచ్చువేసి ఉంటాయి. ఇందులో ఒక్క గీత లేదు. పల్చటి గోధుమరంగు కాగితాన్ని ముందే ముక్కలుగా కోసి ఉంచారు, ఆ ముక్కల నిండా చిల్లులు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. పెద్ద చిల్లులు బట్ట మడత మీద పెట్టాల్సిన అంచుకి, చిన్నవి డాట్లకి, ఇంకో వరస బట్ట నిలువు పోగు ఎటు ఉండాలో చెప్పడానికి. కాగితం మీద అచ్చువేసే పద్ధతి అన్ని కంపెనీలకీ వచ్చేదాకా ఇలాగే నడిచింది. పంచ్ కార్డులు చూడని తరం నాది, ఆ లోటు ఇలా తీరింది. అర్థం చెప్పే పట్టిక ఇంకో కాగితం మీద ఉంటుంది, అది పోయిందా, ఇహ అంతే సంగతులు. అదృష్టవశాత్తూ నా కవర్లో అది ఉంది, మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలై. ఉన్నదున్నట్టు టేపు అంటించి, ఫొటో తీసుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టాను. అసలు కాగితం జోలికి వెళ్ళకుండా ఇంకో కాగితం మీద నకలు గీసుకున్నాను. ప్రొడక్షన్‌లో నేరుగా చెయ్యి పెట్టకూడదన్న బుద్ధి కనీసం ఉద్యోగం నేర్పింది.

ఈ సైజుల ప్యాటర్న్‌ల వ్యాపారం మొదలుపెట్టినవాడు ఎబెనీజర్ బటరిక్ అనే దర్జీ, 1863లో, మసాచుసెట్స్‌లోని స్టెర్లింగ్ అనే ఊళ్ళో. అంతకుముందు పత్రికల్లో వచ్చే ప్యాటర్న్‌లు ఒకే సైజులో ఉండేవి, పెంచుకోవడం తగ్గించుకోవడం ఇంట్లోవాళ్ళ తిప్పలు. ఒకే డిజైన్‌ని రకరకాల సైజుల్లో తయారుచేసి అమ్మడం ఆయన చేసిన పని. మనం దర్జీకి ఆది జాకెట్టు ఇస్తామే, దానికి సరిగ్గా వ్యతిరేకం ఇది. ఆది జాకెట్టులో ఉండేది ఫలానా మనిషి. ప్యాటర్న్‌లో ఉండేది ఎవరూ కాని మనిషి.

నా కవరు మీద సైజు 16 అని ఉంది. నేను ఇక్కడి షాపుల్లో 8 వేసుకుంటాను, కొన్ని చోట్ల 10. పదహారంటే సగం నేల ఊడ్చేలా ఉంటుందేమో అనుకున్నాను. తీరా చూస్తే కొలతలు ఛాతీ 34, నడుము 28, పిరుదులు 37. అంటే అప్పటి పదహారు నాకు చాలదు! నావి 36, 31, 39. అమెరికా ప్యాటర్న్ కంపెనీలు 1968లో సైజుల నంబర్లు మార్చేశాయి, అప్పట్నుంచి అదే 34 ఛాతీకి 12 అని పేరు. రెడీమేడ్ వాళ్ళు ఇంకా కిందకి దించుకుంటూ పోయారు, కొనేవాళ్ళ మనసు నొప్పించడం ఎందుకని. కాబట్టి నంబరు చూసి ఏడవకండి, అది వెర్షన్ నంబరు మాత్రమే.

పెంచడం పెద్ద కష్టం కాలేదు. ఛాతీకి రెండంగుళాలు కావాలి, ముక్కలు నాలుగు పావులు కాబట్టి పావుకి అరంగుళం. నడుముకి మూడంగుళాలు, పావుకి ముప్పావు. నకలు కాగితాన్ని నిలువుగా కోసి, అంత మేర ఎడం చేసి, మధ్యలో వేరే కాగితం అతికించడమే. నేను పొట్టి కాబట్టి వీపు పొడవులో అంగుళంన్నర మడత పెట్టేశాను. స్కర్టు బాగా కుచ్చిళ్ళున్నది, పిరుదుల లెక్క చూసుకునే పని లేదు.

అసలు బట్ట కొయ్యకముందు చవక బట్టతో ఒకటి కుట్టి చూసుకోవాలి. దాన్ని ఇక్కడ మస్లిన్ అంటారు. మనకి మస్లిన్ అంటే ఉంగరంలోంచి దూరిపోయే ఢాకా బట్ట, వీళ్ళకి మస్లిన్ అంటే గోనెకి తమ్ముడిలాంటి ముతక గుడ్డ. నేను దానికీ డబ్బులు పెట్టకుండా పాత దుప్పటి కోశాను. పొడుగు కుట్లు వేసి, పక్కన గుండుసూదులు పెట్టుకుని, అద్దం ముందు నిలబడ్డాను.

ఎడమ వైపు చక్కగా కూర్చుంది. కుడివైపు మెడ దగ్గర్నుంచి చంక దాకా ఏటవాలుగా మూడు ముడతలు.

సహజంగానే నా తప్పే అనుకున్నాను. కుడి భుజం కుట్టు విప్పి మళ్ళీ వేశాను, ముడతలు అలాగే ఉన్నాయి. కోసేటప్పుడు దుప్పటి జరిగిందేమోనని రెండు ముక్కలూ విప్పి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. మళ్ళీ కుట్టి, రాత్రి పదకొండున్నరకి ఒక ఆలోచన వచ్చి, ఆ డ్రెస్‌ని తిరగేసి వేసుకున్నాను. లోపలి వైపు బయటికి. అంటే కుడిది ఎడమకి, ఎడమది కుడికి పోయిందన్నమాట. తప్పు బట్టలో ఉంటే ముడతలు ఎడమ భుజానికి మారాలి. మారలేదు. నా కుడి భుజం మీదే ఉన్నాయి.

బగ్ బట్టలో లేదు.

మా ఆయన గోడకి ఫొటోలు తగిలించే లేజర్ లెవెల్ తెచ్చి, నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, వెనక నుంచి ఎర్ర గీత వేసి ఫొటో తీశాడు. కుడి భుజం ఎడమ దానికన్నా ముప్పావు అంగుళం కిందకి ఉంది. నలభై మూడేళ్ళు ఈ ఒంట్లో ఉంటున్నాను. కాలేజీ రోజుల్లో చున్నీ ఎప్పుడూ కుడివైపుకే జారేది, పిన్ను సరిగ్గా పెట్టుకోవడం రాదనుకునేదాన్ని. లాప్‌టాప్ బ్యాగు కుడి భుజం మీద నిలవదు, బ్యాగు పట్టీ మంచిది కాదనుకున్నాను. రెడీమేడ్ టాపుల మెడ ఒక పక్కకి లాగుతుంది, చవకరకం అనుకున్నాను. అమ్మ కుట్టిన జాకెట్లు మాత్రం ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు సరిపోయేవి. అది అమ్మ పనితనం అనుకున్నాను. నిజమే, కాకపోతే నేననుకున్న పనితనం కాదు.

తెనాలిలో పొద్దున్న తొమ్మిదిన్నర. వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది.

"అమ్మా, నా కుడి భుజం కిందకి ఉందా?"

కత్తిపీట దగ్గర చెయ్యి ఆగింది. "ఇప్పుడా చూసుకున్నావు?" అంది.

"అంటే నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటే? నువ్వు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఓణీ జాకెట్టు కుడుతుంటే తెలిసింది. ముప్పావు."

"మరి చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి? రోజంతా అద్దం ముందు నిలబడేదానివి. అయినా డాక్టరుకి చూపించానుగా. గుంటూరు తీసుకెళ్ళలా? నడుం నొప్పని చెప్పి."

గుంటూరు ప్రయాణం నాకు గుర్తుంది. సినిమాకి వెళ్ళాం, ఐస్‌క్రీం తిన్నాం. అంతకుముందు ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, నడుం నొప్పి అమ్మదనే అనుకున్నాను, నాకెందుకు తీస్తున్నారని అడిగినట్టు కూడా గుర్తులేదు. ఆ ఎముకల డాక్టరు చూసి, వెన్ను కొంచెం వంపుంది, కంగారేం లేదు, పెరుగుతుందేమో ఒక కన్నేసి ఉంచండి అన్నాడట. అమ్మ అప్పట్నుంచి కన్నేసి ఉంచింది. జాకెట్టు కుట్టిన ప్రతిసారీ కొలిచింది. కుడి భాగాన్ని అంత మేర దించి కోసింది. నా కొలతలు తీసేటప్పుడు ఎప్పుడూ "తిన్నగా నిలబడు" అనేది, నేను వంగి నిలబడతానని విసుక్కుంటోంది అనుకునేదాన్ని.

నమ్మకం కుదరక, ఫోను పెట్టేశాక పెట్టె దింపి నా పెళ్ళి జాకెట్టు తీశాను. వీపు మధ్యకి మడిచి రెండు భుజాలూ కలిపి చూశాను. కలవలేదు. ఇంకోటి తీశాను, అదీ కలవలేదు. పదకొండు జాకెట్లున్నాయి నా దగ్గర అమ్మ కుట్టినవి, అన్నిట్లోనూ అదే ప్యాచ్, ఎక్కడా కామెంట్ లేదు.

అబద్ధం ఎందుకు, ముచ్చట పడాల్సిన చోట నాకు కోపం వచ్చింది. నా ఒంటి సంగతి నాకు తప్ప ఇంకొకరికి తెలిసి ఉండటం ఏమిటి? మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి అదే అడిగాను. అప్పుడు ఇంకో ముక్క బయటపడింది. మా పెళ్ళిచూపుల రోజు వేసుకున్న జాకెట్టులో కుడి భుజం కింద నాలుగు పొరల గుడ్డ మెత్తలా మడిచి కుట్టిందట, రెండు భుజాలూ సమానంగా కనపడటానికి. "ఆడపిల్ల తల్లినే నేను, ఏం చెయ్యమంటావు?" అంది. ఆ గొంతులో సంజాయిషీ లేదు. నాకు మాత్రం రెండు రోజులు మనసు మనసులో లేదు. మా ఆయన్ని అడిగాను, ఆ రోజు నా భుజాలు ఎలా కనపడ్డాయని. "నాకు ఆ రోజు ఉప్మాలో జీడిపప్పు తప్ప ఏం గుర్తులేదు" అన్నాడు. మగవాళ్ళ జ్ఞాపకశక్తి ఒక్కోసారి వరమే.

ఈ కోపంలో ఉండగానే సైజుల చరిత్ర చదివాను. 1939, 1940ల్లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు దాదాపు 15 వేల మంది ఆడవాళ్ళని ఒక్కొక్కరికి 59 చోట్ల కొలిచారు. ఫలితాలు 1941లో అచ్చయ్యాయి. వాటి మీద ఆధారపడి 1958లో రెడీమేడ్ బట్టలకి ఒక ప్రామాణిక సైజుల పట్టిక వచ్చింది, పనికిరావడం లేదని 1983లో ఎత్తేశారు. ఆ లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్ళ కొలతలు మాత్రమే. అది ఎలాగూ ఊహించిందే. నన్ను ఆపింది వేరే సంగతి. 59 కాదు, 590 చోట్ల కొలిచినా నా భుజం అందులో దొరకదు. ఎందుకంటే ప్యాటర్న్‌లో ఎప్పుడూ సగం మనిషే ఉంటుంది! ముందు సగం, వెనక సగం. బట్టని మడిచి కొయ్యండి, రెండోది అద్దంలో బొమ్మలా అదే వస్తుంది అంటారు. ఎడమ, కుడి ఒకటే అన్నది ఎక్కడా రాసి ఉండదు, మడతలోనే హార్డ్‌కోడ్ అయి ఉంటుంది. మన ఫారాల్లో ఇంటిపేరు కాలమ్ ఉన్నట్టే. తమిళ స్నేహితులు ఆ కాలమ్ ముందు ఎంత తిప్పలు పడతారో చూశాను కానీ, నా ఒంటికే ఆ గతి పట్టిందని అనుకోలేదు.

వారం తర్వాత అమ్మే ఫోన్ చేసింది, చేతిలో పాత నోటుబుక్కుతో. అందులో మనిషికో పేజీ. వీధి మొత్తం ఉంది అందులో. అంకెల పక్కన అమ్మ సొంత పొట్టి అక్షరాలు. నా పేజీలో "కు.భు. ముప్పా." ఒకావిడ పేజీలో "ఎ. లేదు, దూది" అని ఉంది. ఎవరావిడ అని అడిగితే చెప్పలేదు. ఆపరేషన్ అయిన మనిషి అని మాత్రం చెప్పింది, ఇరవయ్యేళ్ళు ఆవిడకి జాకెట్లు కుట్టింది, ఇంట్లో కూడా ఎవరికీ తెలీదట. ఇంకొకామెకి ఒక చెయ్యి లావు. పేజీలు తిప్పుతూ "సమానంగా ఉన్నవాళ్ళు ఇందులో ఒక్కళ్ళు కనపడితే చూపించు" అంది. నా కోపం అప్పుడు చల్లారింది. పూర్తిగా కాదు. కానీ అమ్మ నా ఒక్కదాని సంగతే దాచలేదని అర్థమయింది. ముప్పయ్యేళ్ళు ఆవిడ ఉద్యోగమే అది.

ఇహ డ్రెస్ సంగతి. 1940ల డిజైన్ కాబట్టి దీనికి రెండు భుజాల్లోనూ మెత్తలు ఎలాగూ పెట్టాలి. కుడివైపు దళసరిది పెడితే సరి. అమ్మ అదే అంది, "మెత్త పెట్టేయ్, ఎవరికీ తెలీదు." సులువైన వర్కరౌండ్. కాగితం మార్చక్కర్లేదు, బట్ట కూడా కలిసొస్తుంది. నేను వద్దన్నాను. మెత్త పెడితే నేను సమానంగా ఉన్నట్టు కనపడతాను, కోస్తే బట్ట నా మీద కూర్చుంటుంది. నాకు రెండోది కావాలి. ఇది పెద్ద సిద్ధాంతమేం కాదు, అమ్మ మీద మిగిలిన కాస్త కోపం కూడా అందులో ఉందనుకుంటా.

మడత పద్ధతి మానేసి ఎడమ, కుడి భాగాలకి విడివిడిగా పూర్తి కాగితాలు గీశాను. కుడివైపు భుజం చివర ముప్పావు దించి, మెడ దగ్గర మాత్రం కదపకుండా గీత కలిపాను. అక్కడితో అయిపోయిందనుకుంటుంటే అమ్మ స్క్రీన్‌లోంచి కేకేసింది. "భుజం ఒక్కటే దించితే చంక బిగుస్తుందే! చంక కింద కూడా అంతే దించు." నేను కొన్న నలభై డాలర్ల పుస్తకంలో రెండు పేజీలు బొమ్మలతో చెప్పింది కూడా అదే.

బట్ట పోయిన ట్రిప్‌లో తెచ్చుకున్న మంగళగిరి నూలు, నీలం మీద సన్నటి జరీ అంచు. అంచు స్కర్టు కిందకి వచ్చేలా కోద్దామని నా ఆశ. అమ్మ నవ్వింది. స్కర్టు ముక్క అడుగు వంపుగా ఉంటుంది, అంచేమో తిన్నగా ఉంటుంది, వంచితే ముడుచుకుపోతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టనేలేదు. అంచు విడిగా కోసి బెల్టుకీ, చేతులకీ వాడాను. కవరులో చెప్పిన లెక్క 35 అంగుళాల పన్నా బట్టకి, నాది అంతకన్నా పన్నా ఎక్కువ. అయినా విడివిడిగా కొయ్యడంతో చివర్లో జానెడు మిగిలిందంతే.

రెండు శనాదివారాలు పట్టింది. ఎడమ పక్క చంక కింద జిప్పు పెట్టడానికే ఒక శనివారం పోయింది. అప్పటి డ్రెస్సులకి జిప్పు అక్కడ ఉండేది, ఎందుకు వీపుకి పెట్టుకోలేదో కానీ, తలమీంచి తొడుక్కుని చెయ్యి మెలితిప్పి జిప్పు లాగాలి. నేను పెట్టింది కొంచెం ఉబ్బింది. ఎవరైనా అడిగితే వింటేజ్ అంటాను.

వేసుకుని అమ్మకి చూపించాను. తిరగమంది. తిరిగాను. ఇంకోసారి తిరగమంది. కుడి భుజం మీద ఒక్క ముడత లేదు. రెండు భుజాలూ సమానంగా లేవు, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వీపు డాట్లు ఇంకో పావు లోపలికి పట్టు, నడుం దగ్గర వదులుంది" అంది.

అమ్మ మిషను తొక్కి రెండేళ్ళయింది. చేతులు వణుకుతున్నాయి, కాజాలు కుట్టలేకపోతోంది. అయినా "ఉండు" అని లేచి వెళ్ళి నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుంది. "ఇందులో నీ కొలతలు పాతవి. ఇప్పటివి చెప్పు, రాసుకుంటా."

టేపు తీసుకుని ఒక్కొక్కటే కొలుస్తూ చెప్పాను. ఛాతీ ముప్పయ్యారు. నడుము ముప్పయ్యొకటి. మెల్లగా రాసుకుంటోంది. చేతి పొడవు, మెడ, చంక.

"కుడి భుజం?" అంది, తల ఎత్తకుండా.

"ముప్పావే."

"సరిగ్గా చూశావా? తిన్నగా నిలబడే కొలిచావా?"

"లేజర్ పెట్టి చూశామమ్మా. ముప్పావే."

"అయితే పెరగలేదన్నమాట" అని రాసుకుని, పుస్తకం మూసింది.